డిఫరెన్షియల్ విప్పిన మూడు రోజులు

కామెర్లొచ్చి నలభై రోజులు మంచం మీదున్నాను. లేచి లారీ ఎక్కిన మొదటి రోజే వెనకనుంచి ఆ ఊళ వినిపించింది. ఆక్సిలేటర్ తొక్కితే సన్నగా మొదలై, వేగం పెరిగేకొద్దీ గట్టిపడుతోంది. కాలు తీస్తే ఆగిపోతోంది. పక్కన మా బావ, అంటే మా అక్క భర్త, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నీకు వినబడలేదా అని అడిగితే, "ఎప్పుడూ ఉన్నదే కదేటి" అన్నాడు.

ఎప్పుడూ లేదనే నా నమ్మకం. ఉంటే నాకు తెలియదా?

ఉక్కు ఫ్యాక్టరీ కిందికి మా ఊరి పొలాలు పోయాక గాజువాక దగ్గర కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. భూమి పోయి వచ్చిన డబ్బుతో పాత లారీ ఒకటి కొన్నాను. క్వారీ నుంచి ఫ్యాక్టరీ కట్టే చోటికి కంకర తోలే పని. ఒకరోజు నేను, ఒకరోజు బావ నడిపేవాళ్ళం. నేను పడుకున్న నలభై రోజులూ బండి బావ చేతిలోనే ఉంది. ఆ నలభై రోజుల్లో ఏదో జరిగిందని నా మనసులో పడిపోయింది.

ఆటోనగర్‌లో అప్పటికే షెడ్లు చాలా ఉన్నాయి. కానీ అక్కడ కొత్త సామాను విప్పి పాతది పెట్టేస్తారని లారీలవాళ్ళు చెప్పుకునేవారు. అందుకని బండిని ఇంటికే తెచ్చాను. ఎడ్లను అమ్మేశాక ఖాళీగా పడున్న శాలను గట్టి చేసి, దూలాలు వేసి షెడ్డులా వాడుకుంటున్నాను. పాతటౌనులో ఉండే ఒక ముసలి సాయిబు మేస్త్రీని పిలిపించాను. వెనక ఇరుసు పనిలో ఆయనంతటివాడు లేడని అందరూ అనేవారు. పొద్దున్నే బస్సు దిగి, గోనెసంచిలో స్పానర్లతో వచ్చేవాడు. ఎడమచేతి వాటం మనిషి. నెమ్మదిగా మాట్లాడేవాడు.

ఆయన్నీ నమ్మలేదు నేను. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. విప్పిన ప్రతి సామాను మీదా సుత్తీ పంచ్ ఉలీ పెట్టి చిన్న చుక్క కొట్టాను, మార్చేస్తే తెలియాలని. మూడో చుక్కకి మేస్త్రీ తలెత్తి చూసి మళ్ళీ స్పానర్ అందుకున్నాడు. మజ్జిగ తెచ్చిన మా ఆవిడ మాత్రం అంది, "నాకూ ఒక సుక్క ఎట్టీండి, మారిపోకుండా ఉంతాను."

ఆయిల్ దింపాం. అడుగున వెండిపొడిలా మెరిసింది. ఇరుసులు రెండూ లాగేసి, వాటి నడుమ ఉండి వెనక చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్‌ని జాకీ మీదికి దించి గోతాల మీద పెట్టేసరికి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. పెద్ద పళ్ళచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. పళ్ళు ఒకవైపు అరిగి గీతలు పడ్డాయి. క్రౌన్ బోల్టులు వదులవకుండా వాటి తలల్లోంచి దూర్చి మెలిపెట్టిన తీగని మేస్త్రీ కత్తిరించి పళ్ళెంలో పడేశాడు. నేను గుడ్డతో పినియన్ తుడిచాను. దాని మొహం మీద చెక్కిన నంబరు కనబడింది. క్రౌన్ తుడిచాను. అక్కడ వేరే నంబరుంది.

ఈ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది జతగా చేస్తారని, రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుందని నాకు తెలుసు.

"జత కాదు ఇది" అన్నాను.

మేస్త్రీ పినియన్‌ని చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూశాడు. "కాదు బాబూ" అని కింద పెట్టేశాడు.

"ఎవులో మార్చినారు."

"మార్చినారు."

అంతకు మించి ఒక్క మాట లేదు. నాకు కావలసిన సాక్ష్యం దొరికినట్టే అయింది.

మధ్యాహ్నం బావ క్యారేజీ పట్టుకుని వచ్చాడు. నాకింకా పథ్యమని అక్క బీరకాయ వండి పంపించింది. చేతిలో క్యారేజీ ఉండగానే అడిగేశాను.

"నాను మంచం మీదున్నప్పుడు బండి ఏ షెడ్డులో ఇప్పించేవు బావా?"

"ఇప్పించడమేటి?"

"పినియన్ మారిపోనాది. నంబర్లు కలవట్లేదు. సూడు."

బావ వంగి చూశాడు. నిలబడ్డాడు. "నాకు నంబర్లు తెల్దు. బండి తోలేను, కంకర దింపేను, ఇంటికొచ్చేను. అంతే."

"మరి దానికి కాళ్ళొచ్చి ఎల్లిపోనాదేటి?"

బావ మొహం ఎర్రబడలేదు. ఎర్రబడి ఉంటే బాగుండేదని తరవాత అనుకున్నాను. మేస్త్రీ వైపు ఒకసారి చూశాడు. మేస్త్రీ తలొంచుకుని బేరింగు తుడుస్తున్నాడు. బావ క్యారేజీని డ్రమ్ము మీద పెట్టి, జేబులోంచి తన దగ్గరుండే లారీ తాళాలు తీసి పక్కన పెట్టాడు. "మీ అక్కకి మాత్రం ఈ మాట సెప్పకు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు నేనే పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి కొత్త జత కొన్నాను. కొట్టులోనే రెండు నంబర్లూ రెండుసార్లు చదివాను. సాయంత్రానికి మేస్త్రీ బేరింగులు ఎక్కించాడు. నా స్టూలు అక్కడే ఉంది.

మూడో రోజు సెట్టింగు. క్రౌన్‌ని బోల్టులతో బిగించాక మేస్త్రీ సిందూరం నూనెలో కలిపి పళ్ళకి పూసి చేత్తో తిప్పాడు. సిందూరం చెరిగిన మచ్చ పంటికి నట్టనడుమ పడాలి. ఒక అంచుకి పడింది. పినియన్ వెనక సన్నటి రేకు ఒకటి తీసి మళ్ళీ తిప్పాడు. అలా నాలుగుసార్లు. మచ్చ నడుమకి వచ్చినప్పుడు ఆయన మొహంలో వచ్చిన తృప్తి చూసి, మూడు రోజుల్లో మొదటిసారి ఈ మనిషి నచ్చాడు నాకు.

తరవాత బోల్టులకి తీగ కట్టడం మొదలెట్టాడు. ఎడమచేత్తో కటింగ్ ప్లేయర్ పట్టుకుని మెలి తిప్పుతున్నాడు. మెలి ఎడమవైపుకి పడుతోంది. నా చూపు ఊరికే పళ్ళెంలోకి పోయింది. మొదటి రోజు కత్తిరించిన పాత తీగ ఇంకా అక్కడే ఉంది. దాని మెలి కూడా ఎడమవైపే. నేను చూసిన మేస్త్రీలందరూ కుడివైపుకే తిప్పేవారు.

పాత తీగ తీసి ఆయన ముందు పెట్టాను.

మేస్త్రీ చెయ్యి ఆగింది. ప్లేయర్ కింద పెట్టాడు.

"నాదే బాబూ" అన్నాడు. "మీరు కొనకముందు. మీకు బండి అమ్మిన ఓనరు పినియన్ ఒక్కటే తెచ్చినాడు. జత కావాలని చెప్పినాను. నడిచినంత కాలం నడవనీ అన్నాడు. పని కావాలి కదా, వేసినాను. మొన్న చక్రం చూడగానే తెలిసిపోయింది నాకు. అరిగేకొద్దీ ఊళ పెరుగుతాది."

"మొన్న మా బావని అన్ని మాటలన్నప్పుడు ఇక్కడే ఉన్నావు కదా సాయిబూ!"

"ఉన్నాను. చెప్పుదామనుకున్నాను." ఆయన నా స్టూలు వైపు చూశాడు. "మీరు మొదటి రోజు నుంచీ దొంగని చూసినట్టు చూస్తన్నారు బాబూ. నేనే వేసినానంటే ఏటనుకుంటారు? నోరు రాలేదు. తప్పే."

పాత తీగని మళ్ళీ పళ్ళెంలో వేశాను. ఆయన మిగతా తీగలు కట్టాడు. డిఫరెన్షియల్‌ని ఇద్దరం కలిసి ఎత్తి బిగించాం. ఈసారి స్టూలు బయట పెట్టేశాను గానీ, ఆయన దాన్ని గమనించాడో లేదో తెలియదు.

అదే సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. బావ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సంగతంతా చెప్పాను. తప్పయిపోయింది బావా అన్నాను. ఆయన వల మీంచి చూపు తిప్పలేదు.

"బండి బాగయ్యిందేటి?"

"తోలి సూడాల."

లేచి చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. బండి తీసి దువ్వాడ స్టేషన్ దాకా తోలాడు. మొదట తొక్కాడు, కాలు తీశాడు, మళ్ళీ తొక్కాడు. ఊళ లేదు. టైర్ల చప్పుడు, గాలి చప్పుడు మాత్రమే ఉన్నాయి. తిరిగొచ్చి ఇంటి ముందు ఆపి, "బాగా సేసినాడు ముసిలోడు" అని తాళాలు నా చేతిలో పెట్టాడు.

"రేపు నీ వంతు బావా" అన్నాను.

"పోర్టులో కాంట్రాక్టరు దగ్గిర డంపరు తోలతానని మాటిచ్చీసినాను" అన్నాడు. ఎప్పుడిచ్చాడని నేను అడగలేదు.

రాకపోకలు ఆగలేదు. పండక్కి అక్కా బావా వచ్చేవారు, మేమూ వెళ్ళేవాళ్ళం. బావ నాతో నవ్వుతూనే మాట్లాడేవాడు. కానీ ఆ లారీ అమ్మేసేదాకా మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. ఒకసారి వానలో వాళ్ళని ఇంటిదగ్గర దింపుతానంటే, అక్కని క్యాబిన్‌లో ఎక్కించి, తను గొడుగేసుకుని నడిచే వెళ్ళాడు.