రిమోట్ నొక్కే వదిన

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడను గేమింగ్ సెంటర్లో అందరూ వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆవిడ వదిన అయ్యేది ఒక్కడికే. వాడు ఆవిడ భర్త తమ్ముడు, అక్కడ ఆడే జట్టుకి కెప్టెన్. వాడు నోరారా "వదినా, వదినా" అంటుంటే తక్కినవాళ్ళకీ అదే అలవాటైంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి హెడ్‌ఫోన్ తగిలించుకుని కుర్రకారు మధ్య తుపాకుల ఆట ఆడడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది ఆటలో ఆవిడ నేలలో దాచిన మైన్ల మీద కాలేసి నోరు మూసుకున్నారు.

కాల్చడంలో ఆవిడ అంతంతమాత్రమే. ఆ మాట ఆవిడే ఒప్పుకుంటుంది. ఉచ్చు పన్నడంలో మాత్రం చెయ్యి తిరిగిన మనిషి. ఒకసారి ఐదో మనిషి దొరక్క మరిది బతిమాలి కూర్చోబెడితే, గురి చూడడం చేతకాక మెట్ల కింద ఒక మైన్ పెట్టి బీరువా చాటున నక్కింది. ఎదుటి జట్టువాళ్ళిద్దరు దాని మీద కాలేసి గాల్లోకి లేచిపోయారు. ఆ రోజు పట్టుకున్న పిచ్చి మళ్ళీ వదల్లేదు. కొత్త ఆట ఏదొచ్చినా అందులో పేలేవి ఎన్ని రకాలు, ఏది ఎంత దూరం కొడుతుంది, ఏది కంటికి ఆనుతుంది, ఆవిడకి కావలసింది ఇదే. అన్నాల దగ్గరా ఇదే గోల.

"ఆ ఆటలో మైన్ మీద కాలేస్తే టిక్కుమంటుందండీ, పారిపోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. ఈ కొత్తదాంట్లో అదీ లేదు, కాలు పడితే చాలు."

"ముందు ఆ కుక్కర్ సంగతి చూడు, అదీ పేలేలా ఉంది," అనేవాడు భర్త పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

సెంటర్లో పెట్టిన పోటీ ఫైనల్ రోజు వదినకీ మరిదికీ తగాదా వచ్చింది కూడా దీని మీదే. కొత్త ఆటలో ఒక్కొక్కరు ఒకే రకం ఉచ్చు పట్టుకెళ్ళాలి. మరిది ట్రిప్‌వైర్ అన్నాడు. అంటే గుమ్మానికి అడ్డంగా సన్నటి ఎర్ర గీత, ఎవరు తగిలితే వాళ్ళ మీద పేలుతుంది. వదిన రిమోట్ అంది. అది నేల మీద కనపడకుండా ఉంటుంది, దూరంగా కూర్చుని మనమే బటన్ నొక్కాలి.

"సెమీఫైనల్లో నీ రిమోట్‌తో మా ప్రాణాలు తోడేశావు. వాడు వచ్చేదాకా చూశావు, వచ్చాక కూడా చూశావు. వైర్ అలా ఆలోచిస్తూ కూర్చోదు వదినా!"

"ఆలోచించదనే నా భయం. పాత ఆటలో వైర్ మనవాళ్ళ జోలికొచ్చేది కాదు. ఇందులో నువ్వు తగిలినా పేలుతుంది. నీకు పాత అలవాటు ఇంకా పోలేదు."

"నాకు నేర్పుతున్నావా? ఈసారి నీ వల్ల పోయిందంటే నీ కుర్చీలో గడ్డం కూర్చుంటాడు. తర్వాత నన్నేమీ అనొద్దు."

గడ్డం అంటే మరిది స్నేహితుడు, ఎప్పటినుంచో జట్టులో చోటు కోసం కాచుకుని ఉన్నాడు. ఆ మాట వినగానే తల దించుకున్నాడు కానీ అక్కణ్ణించి కదల్లేదు. వదిన దుకాణంలో ఎంత పని చేసినా అక్కడ జనం సలహా అడిగేది యజమానినే. "ఎక్కడ పెడదాం? ఏది పెడదాం?" అని ఆవిణ్ణి నోరు తెరిచి అడిగేది లోకంలో ఈ కుర్చీలో కూర్చున్నప్పుడే. ఆ కుర్చీ పోతే తనకేం మిగులుతుంది? బుద్ధిగా తలూపింది. ఆట మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఎవరూ చూడకుండా రిమోటే ఎంచుకుంది.

ఆ సెంటర్లో రెండు జట్లూ ఒకే పొడుగు బల్లకి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుంటాయి. తెరలు కనపడవు గానీ గొంతు పెంచితే అవతలికి వినపడి తీరుతుంది. అందుకే అక్కడ అందరూ గుసగుసగానే మాట్లాడతారు. కొత్తగా వచ్చినవాడికి మరిది నేర్పే మొదటి పాఠం కూడా అదే.

చివరి రౌండుకి స్కోర్లు సమమయ్యాయి, అంతదాకా వదిన ఉచ్చువైపు ఎవరూ రాలేదు. ఇటు వదినా మరిదీ మిగిలారు. అటు మిగిలింది ఒక్కరే, డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆవిడ. తెర మీది ఇంట్లో వదిన ఒక గది గుమ్మంలో రిమోట్ బాంబు పెట్టి బీరువా వెనక చేరింది. మరిది పెరట్లోంచి గదివైపు పరుగెత్తుకొస్తున్నాడు, డ్రైవింగ్ ఆవిడ వెంటాడుతోంది.

"వైర్ మీదికి తీసుకొస్తున్నా," అని గుసగుసలాడి గుమ్మం దాటి లోపలికి దూకేశాడు. వదిన ఒళ్ళు జలదరించింది. తను చెప్పినంతా అయింది. అక్కడ వైరే ఉంటే వీడి కథ అక్కడితో సరి.

ఆవిడ బొటనవేలు బటన్ మీద ఆనించి కాచుకుంది. డ్రైవింగ్ ఆవిడ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి చూసింది. ఎర్ర గీత లేదు. ఇంకేం, ధైర్యంగా ముందుకు కదిలింది. ఇంకొక్క అడుగు. ఇంకొక్కటంటే ఒక్కటి.

"పేలలేదేంటి వదినా!" అని గావుకేక పెట్టాడు మరిది.

హాలంతా వినపడింది. తెర మీద డ్రైవింగ్ ఆవిడ ఠక్కున వెనక్కి గెంతింది. వదిన నొక్కింది. పేలింది కానీ పొగలోంచి డ్రైవింగ్ ఆవిడ కుంటుకుంటూ బయటికొచ్చింది. ముందు మరిదిని, తర్వాత బీరువా వెనక వదినని కాల్చేసింది. అవతలివైపు కేరింతలు మిన్నుముట్టాయి.

"మళ్ళీ ఆలస్యం! చెప్పానా లేదా?" మరిది హెడ్‌ఫోన్ లాగి బల్ల మీద పడేశాడు.

డ్రైవింగ్ ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. "ఆలస్యమేంటి బాబూ? గీత కనపడలేదని ధీమాగా వస్తున్నా. నువ్వు అరిచావు కాబట్టి ఆగాను. లేకపోతే నా పని అయిపోయేదే."

మరిది వదిన వైపు తిరిగాడు. "గీత లేదా? అది వైర్ కాదా?"

"కాదు," అంది వదిన. "వైరైతే నువ్వు గుమ్మం దాటేవాడివే కాదు."

అప్పటికే గడ్డం వచ్చి ఆవిడ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. వాణ్ణి అని ఏం లాభం, మాట ఇచ్చింది కెప్టెనాయె. వదిన లేవబోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"అది కాదురా," అన్నాడు మరిది గడ్డంతో. తన కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. "ఇది తీసుకో."

వదినకి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. ఇంతమందిలో ఇంత మాట పడ్డాక ఇప్పుడా వీడికి తెలిసొచ్చింది?

"కూర్చోవయ్యా, పెద్ద త్యాగమూర్తి బయల్దేరాడు!" అంది. "పొద్దున నేను చెప్పింది చెవిన పెట్టుంటే ఈ కుర్చీల గోలే ఉండేది కాదు."

వాడు కూర్చున్నాడు. గడ్డం చెయ్యి తీసేశాడు. ఆ సాయంత్రం వదినా మరిదీ కలిసే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు కానీ, దారి పొడుగునా ఆవిడ వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.