గురుస్వామి మామ యుద్ధనౌక

గురుస్వామికి ఒక్కటే పిచ్చి. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా దాన్ని లాక్కెళ్లి సెత్సు అనే ఓడకి కట్టేస్తాడు. వందేళ్ల కిందట జపాన్ కట్టుకున్న తొలి డ్రెడ్‌నాట్‌లలో, అంటే భారీ ఫిరంగుల యుద్ధనౌకల్లో, అదొకటి. కర్నూలు పాతబస్తీలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఈ మనిషి సముద్రం చూసింది లేదు. ఎండాకాలం మోకాళ్లు కూడా తడపని తుంగభద్రే ఆయన చూసిన పెద్ద నీళ్లు. ఎప్పుడో ఫోన్‌లో ఆ ఓడ బొమ్మ కనబడింది. అంతే, ఎక్కేశాడు. మళ్లీ దిగలేదు.

పెళ్లిళ్లలో ఆయన పక్కన టిఫినుకు కూర్చోవాలంటే జనం జంకుతారు. పక్కవాళ్ల విస్తళ్లలో ఇడ్లీలు కూడా లాగేసి, ముందొకటి, వెనకొకటి, అటు రెండు, ఇటు రెండు పేర్చి, ఒక్కోదాని మీద రెండేసి ఫిరంగులు అంటాడు. అంతలోనే ముఖం వాడిపోతుంది. ముందూ వెనకా ఫిరంగులు పొడుగు, పక్కవి పొట్టి. కలిపి పేలిస్తే గుండ్లు ఒక్కలా పోవు. ఆ నక్షా గీసినవాణ్ని గురుస్వామి ఇప్పటికీ క్షమించలేదు. ఇడ్లీలు పోయినవాళ్లు గురుస్వామిని క్షమించలేదు.

పంటి డాక్టరు ఏ పక్క నొప్పి అని అడిగితే, ఎడంపక్క వెనక ఫిరంగి సార్ అన్నాడట. నోట్లో దూది కుక్కినా ఆగలేదు. 1914లో సెత్సు చైనా తీరాన జర్మన్ల కోటను ఎలా కొట్టిందో చేతులతో చూపించాడు.

అక్క కూతురు శివజ్యోతికి ఈ మామంటే ప్రాణం. నలుగురిలో మాత్రం తలనొప్పి.

ఒక సాయంత్రం జ్యోతి నాన్న నారాయణ గుండె బరువుగా ఉందన్నాడు. గ్యాసేలే నాన్నా అని జ్యోతి మాత్ర ఇచ్చింది, పొద్దున ఆస్పత్రికి పోదామంది. తెల్లవారేసరికి ఆయన లేడు.

జ్యోతి తల్లి భీమమ్మ ఏడవలేదు, ముద్ద ముట్టలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ ఒకే మాట: "మా జ్యోతి గ్యాసన్నాది." ఆ మాట చెప్పి గోడవైపు తిరిగేది. కూతురి ముఖం చూసేది కాదు. నాన్న పోయాడు, అమ్మ కూడా పోతోందని జ్యోతికి అర్థమవుతోంది.

గురుస్వామి కూడా ఆ మాట వింటూ ఓ మూల కూర్చున్నాడు. ఓడ ఊసే లేదు. మనిషి మారాడనుకున్నారు అందరూ. మూడో రోజు, ఇంటినిండా బంధువులుండగా, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ సెత్సు ఓడ ఉండాది చూడు."

వద్దన్నట్టు జ్యోతి తల అడ్డంగా ఊపింది. ఆయన చూడలేదు.

"దానికి తోడబుట్టిన ఓడ ఒకటి ఉన్నింది. రేవులో నిలబడిందే, ఉన్నట్టుండి పేలిపోయ. వందలమంది పోయినారు. ఎవురి తప్పో ఎంత ఎతికినా గట్టిగా తేల్చలేకపోయినారు. బావ సంగతిలో తప్పెవరిదో మాత్రం తేలిపోయ. జ్యోతి ఆ పొద్దు నాకు ఫోన్ చేసె. ఆస్పత్రి ఎందుకు, గ్యాసే అని నేనే అంటి."

భీమమ్మ గోడ వదిలి ఇటు తిరిగింది.

"నువ్వా? మిక్సీలు ఇప్పేవానికి గుండె సంగతి ఏం తెలుసురా? నా మనిషిని పోగొట్టి ఓడ కత చెప్తాండావా?"

భుజాల మీద రెండు చేతులతో బాదింది. బాదుతూనే ఏడ్చింది. అన్నాళ్లూ రాని ఏడుపంతా వచ్చింది. గురుస్వామి పుట్టిన గడియ నుంచి మొదలుపెట్టి, ఆయన అంగడిని, ఆయన్ని కట్టుకున్న నాగలత ఖర్మను, చివరికి జపాన్ దేశాన్ని కూడా వరసగా తిట్టింది. నీ మునిగిపోయిన ఓడ అన్నప్పుడు మాత్రం, సెత్సు అప్పటికింకా మునగలేదక్కా అని గొణిగి, ఇంకో దెబ్బ తిన్నాడు.

పెరట్లో కొళాయి దగ్గర జ్యోతి ఆయన్ని పట్టుకుంది.

"మామా, నేను నీకు ఫోనే చేయలేదు."

"చేయకుంటే ఏం పాపా." ముఖం కడుక్కుంటూ అన్నాడు. "సెత్సుకు ఫిరంగులన్నీ పీకేసినారు. కానీ పారేయలా. గురి నేర్చుకునేవాళ్ల ముందర పెట్టినారు. అందరూ దాని మీదనే కొట్టేది. అది తిరిగి కొట్టదు."

"దానికి దెబ్బ తగలదా?"

"రేకు మందంగా ఏసినార్లే."

"అమ్మకు నిజం చెప్తా మామా."

"చెప్పు. ముందు ఆమెను రెండు ముద్దలు తిననీ."

అప్పుడే లోపలినుంచి భీమమ్మ గొంతు వినబడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"జ్యోతీ, నాకింత అన్నం పెట్టు. వాన్ని పోనీవద్దు, ఇంకా తిట్టేది ఉండాది."

గురుస్వామి తుండుతో ముఖం తుడుచుకుని, బుద్ధిగా వెళ్లి అక్క ఎదురుగా కూర్చున్నాడు.