అరమార్కు మాస్టారి మూడో డయోడు

మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో అరమార్కు మాస్టారి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. లెక్కంతా సరిగ్గా చేసి చివర యూనిట్ మరిచిపోతే అర మార్కు కోత. స్కేలు లేకుండా గీత గీస్తే అర మార్కు. ఇంట్లోనూ ఇదే వరస. భార్య వడ్డించిన కూర లొట్టలేసుకుంటూ తిని, చెయ్యి కడుక్కుంటూ "తొమ్మిదిన్నర" అంటారట.

"పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది, ఒక్క కూరకీ పది పడలేదమ్మా. ఆ అర ఎక్కడ పోతోందో అడిగినా చెప్పరు" అని ఆవిడ నాతో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో లెక్కలేదు.

నేను ఆయన దగ్గరే చదువుకున్నాను. పదకొండేళ్ళుగా అదే డిపార్ట్‌మెంటులో ఆయన పక్క కుర్చీలో కూర్చుని పాఠాలు చెబుతున్నాను. బల్ల ఇద్దరిదీ అంటారు గానీ, ముప్పావు వంతు ఆయన పాత రికార్డులు ఆక్రమించుకున్నాయి.

ఆయనకి పేరు తెచ్చిన పాఠం బ్రిడ్జి రెక్టిఫైయరు. ఏసీ కరెంటుని డీసీగా మార్చే సర్క్యూటు అది. నాలుగు డయోడ్లు, అంటే కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే నాలుగు బాణం గుర్తులు. పక్కన రెసిస్టరు, రంపప్పళ్ళలాంటి వంకర గీత. ఆ గీతకి సరిగ్గా ఏడు పళ్ళుండాలి. ఆరు వేస్తే "బోసినోరు" అనేవారు, ఎనిమిది వేస్తే "దొడ్డిపన్ను" అనేవారు. ఏడే ఎందుకని అడిగిన కుర్రాడికి అర మార్కు పోయింది. మా వైపు తిరిగి మాట్లాడుతూనే, బోర్డు వంక చూడకుండా, చెయ్యి వెనక్కి చాచి బొమ్మంతా గీసేసేవారు. మేం నోళ్ళు వెళ్ళబెట్టి చూసి, ఉన్నదున్నట్టు దించుకునేవాళ్ళం.

ఒక్కటే చిక్కు. యూనివర్సిటీ పరీక్షలో మా పిల్లలకి ఆ బొమ్మ దగ్గర రెండేసి మార్కులు పోయేవి. నాకూ పోయాయి. నా పేపరు నకలు తెప్పించి చూస్తే బొమ్మ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది, కారణం రాయలేదు. ఆ రెండు మార్కులతోనే నాకు మొదటి స్థానం తప్పిపోయింది.

"కుళ్ళు! బయటి కాలేజీ వాళ్ళకి మన బొమ్మ చూస్తే కడుపుమంట" అని మాస్టారు అప్పుడు యూనివర్సిటీకి రెండు పేజీల ఉత్తరం కూడా రాశారు. జవాబు రాలేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కాబట్టి, మేమూ బయటి వాళ్ళనే తిట్టుకుంటూ ఉండిపోయాం.

ఈసారి పేపర్లు దిద్దే క్యాంపుకి ఇద్దరం వెళ్ళాం. మాస్టారి రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. పెద్ద హాలు, బల్లకి ఇద్దరం. పేపర్ల మీద కాలేజీ పేరుండదు, కోడు నంబరే. ఎవరి కాలేజీ కట్టలు వాళ్ళకివ్వరు. మాస్టారు అచ్చు వేసిన జవాబుల కీ పక్కన పెట్టుకుని, ఒక్కో బాణాన్నీ వేలితో పోల్చి చూస్తారు. ఆయన కట్ట ఒకటి పూర్తి చేసేలోపు నేను రెండు దిద్ది, టీ కూడా తాగొస్తాను.

మూడోరోజు పొద్దున్న ఆయన ఎర్ర పెన్ను ఠక్కున బల్ల మీద పడేశారు.

"చూడమ్మా ఈ ఘోరం! మూడో డయోడు తిరగేసి పెట్టారు. ఇలా కలిపితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒకడు కాదు, కట్టంతా ఇంతే. ఏ గాడిద చెప్పాడో వీళ్ళకి పాఠం!"

నేను తొంగి చూశాను. కళ్ళు చికిలించి చూశాను. నాకేం తప్పు కనబడలేదు. అయినా ఆయనతో వాదన ఎవరు పెట్టుకుంటారు?

"అవును సార్, ఘోరం" అని తల ఊపాను.

నలభై పేపర్లకీ రెండేసి మార్కులు కోసేసి, పట్టీలో ఎక్కించి, సంతకం పెట్టేశారు. ఐదుగురు ముప్పైమూడున్నర దగ్గర ఆగిపోయారు. పాసవ్వాలంటే ముప్పైఐదు రావాలి.

భోజనాలయ్యాక కట్టకి దారం చుడుతూ ఆయన చెయ్యి ఆగింది. పైనున్న పేపరులో రెసిస్టరు పళ్ళు లెక్కపెట్టారు. ఏడు. ఇంకోటి లాగి చూశారు. ఏడు. పది పేపర్లు చూశారు. చిత్తు కాగితం ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని, అలవాటుగా తన బొమ్మ గీశారు. కళ్ళు తెరిచి కీ పక్కన పెట్టి చూసుకున్నారు. మూడో డయోడు తిరగబడి ఉంది.

గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. తన పిల్లల నోట్సుల్లో ఏడు పళ్ళు కనబడగానే ఆయన కళ్ళు మూసుకుని టిక్కు పెట్టేసేవారు. కీతో పోల్చింది ఎప్పుడూ బయటి వాళ్ళ బొమ్మల్నే. మా దగ్గర చదువుకున్నవాళ్ళెవరో ఆ కోడు వెనకున్న కాలేజీలో, ఆ బొమ్మే భక్తిగా చెబుతున్నారన్నమాట. మాస్టారి ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

చీఫ్ ఎగ్జామినరు దగ్గరికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. వేసిన మార్కు మార్చాలంటే కారణం రాసివ్వాలి, అది ఆయన సర్వీసు ఫైలులో చేరుతుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు సార్?" అన్నాడు చీఫ్. "ఆ పిల్లలు అడగలేదు, వాళ్ళ కాలేజీ అడగలేదు. బొమ్మ తప్పే కదా. రిటైరయ్యే ముందు మీకీ గోలెందుకు?"

"తప్పు వాళ్ళది కాదండీ, నాది. నేను చెప్పిందే వాళ్ళదాకా వెళ్ళింది" అని మాస్టారు నిలబడే రాసిచ్చారు. నలభై పేపర్లూ మళ్ళీ విప్పించి, రెండు మార్కుల కోతని అర మార్కు చేశారు. అది కూడా వదిలెయ్యొచ్చుగా అంటే, "బొమ్మ తప్పు కదమ్మా" అన్నారు. ఐదుగురూ సరిగ్గా ముప్పైఐదుకి చేరారు.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

"నీ పేపరు దిద్దినాయన్ని ఇన్నేళ్ళూ తిట్టాను. పాపం, సరిగ్గానే దిద్దాడు" అన్నారు మాస్టారు. "నీ మొదటి స్థానం పోగొట్టింది నేనమ్మా."

వానకి మసకబారిన కిటికీ అద్దం మీద, ఏమీ తోచక, వేలితో బ్రిడ్జి రెక్టిఫైయరు గీశాను. ఏడు పళ్ళూ చక్కగా వచ్చాయి. మూడో డయోడు తిరగబడింది. పదకొండేళ్ళుగా నేను ఏటా క్లాసులో గీస్తున్న బొమ్మ అది.

మాస్టారు ముందుకి వంగి అద్దాన్ని చూశారు.

"అర మార్కేగా సార్?" అన్నాను, నవ్వబోతూ.

"ఆ పిల్లలకి అర. నీకు రెండూ తీసేస్తాను" అన్నారు. "పొద్దున్న నీకు తప్పు కనబడకుండానే తల ఊపావు."