ఘాటు కాదు, సీఎంవీ

మావారు అన్నం కంచం పక్కకు నెట్టేసిన రోజు నాకు బాగా గుర్తుంది. మా కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నా కిడ్నీ ఆయనకు పెట్టి ఏడో నెల నడుస్తోంది. సాయంత్రానికల్లా ఆయన ఒళ్ళు వెచ్చబడింది. నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి.

"ఘాటు కొట్టిందిలే షకీలా" అన్నారు.

మా వినుకొండ వైపు మిరప సీజన్లో ఎవరికి ఏం వచ్చినా ఘాటే. దగ్గొచ్చినా ఘాటే, కడుపు పాడైనా ఘాటే. మజ్జిగ తాగి పడుకుంటే పోతుందంటారు. అత్తమ్మ మజ్జిగ కలిపిచ్చింది, ఆయన తాగారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి దుమ్ము పడదని ఆయన కల్లం వైపే పోవడం లేదు. పొద్దస్తమానం అక్కడే ఉండే కూలీలకు రాని జ్వరం ఇంట్లో కూర్చున్న మనిషికి ఎందుకొచ్చింది?

మర్నాడు పొద్దున్నే కారు పిలిపించాను. "ఇంకో రోజు చూద్దామే, అంత కంగారేంటి?" అంది అత్తమ్మ.

"మళ్ళీ ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదత్తమ్మా" అన్నాను. ఆవిడే ఆయన మందుల సంచి తెచ్చి కార్లో పెట్టింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరుగారు జ్వరం గురించి కాదు, మాత్ర గురించి ముందు అడిగారు. "వైరస్ రాకుండా ఇచ్చిన మాత్ర ఆపి ఎన్నాళ్ళయింది?"

"కోర్సు అయిపోయిందని మీరే ఆపమన్నారు కదండీ. నెల అవుతోంది."

రక్తకణాల లెక్కకు సీబీసీ, కిడ్నీ పనితీరుకు క్రియాటినిన్, వైరస్ ఉందో లేదో చూసే సీఎంవీ పీసీఆర్ రాశారు. రిపోర్టు వచ్చేదాకా నేను వరండాలో తిరుగుతూనే ఉన్నాను. నర్సమ్మ రెండుసార్లు కూర్చోమంది.

"సీఎంవీ వైరస్ అమ్మా. క్రియాటినిన్ కూడా పెరిగింది. కిడ్నీ దెబ్బ తినకముందే తగ్గించాలి" అన్నారు డాక్టరుగారు.

"ఎక్కడ నుంచి వచ్చిందండీ?"

"ఆపరేషన్‌కి ముందు చేసిన టెస్టుల్లో మీకు పాజిటివ్, ఆయనకు నెగటివ్. బహుశా కిడ్నీతోనే వచ్చి ఉంటుంది."

ఈ మాట అప్పుడే చెప్పారట. ఆ హడావిడిలో నా బుర్రకెక్కలేదు. ప్రాణం పోస్తున్నాననుకుంటే రోగం కూడా నేనే ఇచ్చానా అని అక్కడే ఏడ్చేశాను.

"మనలో చాలామందిలో ఉంటుందమ్మా. మనల్ని ఏమీ చేయదు. కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా ఆయనకు ఇమ్యూనిటీ తగ్గించే మందులిస్తున్నాం కదా, అందుకే విజృంభించింది. మీరు ఇవ్వకపోతే ఆయన ఇంకా డయాలసిస్ మీదే ఉండేవారు."

గాన్‌సైక్లోవిర్ అనే వైరస్ మందు సెలైన్‌లో ఎక్కించారు. జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకునేలోపే తెల్లకణాలు పడిపోయాయి. ఈ మందు వల్లేనట. డోసు సరిచేసి, ఇమ్యూనిటీని అణిచే మందుల్లో ఒకటి తగ్గించారు. అది తగ్గిస్తే కిడ్నీని ఒళ్ళు తోసేస్తుందేమోనని నాకు ఇంకో భయం పట్టుకుంది. "రెండువైపులా కాచుకోవాలమ్మా" అన్నారు డాక్టరుగారు. వారం వారం రక్తం తీశారు. రిపోర్టు కోసం ఫోన్ తీసి చూడటం, పెట్టడం, మళ్ళీ తీయడం. మావారు నవ్వేవారు. "నీ కిడ్నీయేగా, నీలాగే కుదురుగా ఉండదు" అని. నవ్వొచ్చేది, ఒళ్ళూ మండేది.

చివరికి పీసీఆర్ వరుసగా రెండుసార్లు నెగటివ్ వచ్చింది. మాత్రల మీద ఇంటికి పంపారు, తర్వాత అవీ ఆపారు. టెస్టులు మాత్రం మానొద్దన్నారు.

ఇప్పుడు ఆయన పొద్దున పూట పత్తి చేను దాకా నడిచి వస్తున్నారు. మొన్నామధ్య టెస్టుకు బయల్దేరదీస్తే "నిక్షేపంలా ఉన్నాను, ఎందుకే?" అని మొండికేశారు. నేను వినలేదు. రిపోర్టులో వైరస్ మళ్ళీ కొంచెం కనిపించింది. వెంటనే మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి ఆయనకు ఒక్క పూటైనా జ్వరం రాలేదు, మంచమెక్కలేదు. క్రియాటినిన్ కదల్లేదు.

మీ ఇంట్లో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళుంటే నేను చెప్పేది ఒకటే. డాక్టరు రాసిన పీసీఆర్‌కి మనిషి బాగున్న రోజునే తీసుకెళ్ళండి. రానని అలిగినా సరే, కారెక్కించండి.