బావ కట్టిన తెప్ప మీద

అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో సరిగా గుర్తులేదు. టీచర్ ట్రైనింగు సెలవుల్లో హిరమండలం ఎగువనున్న అక్కగారింటికి వెళ్లాను. గొట్టా దగ్గర ఇంకా బ్యారేజీ కట్టలేదు. వానలు వెనకబట్టినా వంశధార జోరుగానే పారేది. పొలం పనులు లేనప్పుడు బావ కొండ వెదుళ్లను తెప్పగా కట్టి, నీళ్ల మీద శ్రీముఖలింగం చేర్చి అమ్మేవాడు. ఈసారి నేనూ వస్తానని పట్టుబట్టాను.

"సీర కట్టుకుని తెప్పెలా ఎక్కుతావే?" అంటూనే అక్క నా చీర కాసె పోసి బిగించింది. బావ ఎండిన ఆనపబుర్రలు రెండు తెచ్చి నడుముకు కట్టబోయాడు.

"నాకు ఈతొచ్చు బావా. ఇవి చూస్తే అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. కట్టుకుంటే ఎక్కు, నేదంటే ఇంట్లో ఉండు."

కట్టుకున్నాను.

మొదటి మైలు హాయిగా సాగింది. రాళ్ల మలుపు ఇంకా కొంత దూరముందనగా బావ తెప్పను ఇసుకకు చేర్చాడు. ఇద్దరం గట్టు వెంట నడిచి చూశాం. నల్లరాళ్ల మధ్య నది తెల్లగా నురగలు కక్కుతోంది. బావ ఒక ఎండుపుల్ల విసిరి, అది జారిపోయిన దారి చూపించాడు.

"మన దారీ అదే. తెప్ప రాయికి తగిలితే రాయి వైపే ఒంగు, ఎనక్కి జరగకు. పడిపోతే ఎల్లకిలా తేలి కాళ్లు ముందుకెట్టు. నిలబడాలని సూడకు, రాళ్ల సందులో కాలిరుక్కుంటాది."

బుద్ధిగా తలూపాను.

ముందు నేను తెడ్డుతో, వెనక బావ పొడుగాటి గెడతో. మొదటి దూకుడుకి నీళ్లు ముఖాన కొట్టాయి, కేకపెట్టి నవ్వాను. రెండోదీ దాటాం. మూడో చోట తెప్ప అడ్డం తిరిగి పెద్ద రాయికి ఆనుకుంది.

"రాయి వైపు! రాయి వైపు!" బావ అరుస్తూనే ఉన్నాడు. ఆ రాయి నా మీదికి వస్తున్నట్టనిపించి, ఒళ్లు దానంతటదే వెనక్కి వాలింది. తెప్ప ఆ పక్కకు మునిగింది. నేను నీళ్లలో పడ్డాను.

పైకి తేలేసరికి కాళ్ల సంగతొక్కటే గుర్తుంది. వెల్లకిలా తిరిగి పాదాలు ముందుకు చాచాను. బుర్రలు నన్ను పైకెత్తి పట్టాయి. అరికాళ్లకు రాయి తగిలినప్పుడల్లా తన్ని పక్కకు జరిగాను. భయపడటానికి కూడా తీరిక దొరకలేదు. రాళ్లు దాటగానే నీళ్లు నెమ్మదించాయి. ఈలోగా తెప్పను విడిపించుకున్న బావ, వెనకే వచ్చి గెడ చాచాడు. అది పట్టుకుని తెప్పెక్కాను.

"దెబ్బ తగిలిందేటి?"

"లేదు. తెడ్డు పోయింది."

"తెడ్డు పోతే పోనీ. మీ అక్కకేటి సెప్తావు?"

"నువ్వే తోసేశావని చెప్తాను."

బావ తెప్ప మీద కూలబడి నవ్వాడు. ఆ వెంటనే లేచి నా నడుముకున్న బుర్రల ముడులు మళ్లీ బిగించాడు. అది చూశాకే నాకు భయం తెలిసింది.

శ్రీముఖలింగం రేవులో బట్టలు ఉతుకుతున్న ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"తెప్ప మీదొచ్చినావా అమ్మా, ఈదుకొచ్చినావా?"

"రెండూనండి."

ఆవిడ పకపకా నవ్వి, ఆరిన చీరొకటి తీసి ఇచ్చింది. అది చుట్టుకుని ఎండలో కూర్చుని, మళ్లీ తెప్ప ఎప్పుడు కడతావని బావను అడిగాను.