మూసారాంబాగ్‌కు ఎల్బీనగర్ మీదుగా

ఆఫీసు మీటింగుకని రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్ళాను. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో అమీర్‌పేట రైలు కోసం నిలబడితే, వచ్చిన ప్రతి రైలూ కిక్కిరిసే వచ్చింది. రెండు వదిలేశాను. పక్కనున్న యాభై ఏళ్ళావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"సీటు గావాల్నంటే నాతోని రా బిడ్డా."

మెట్లు దిగి, అవతలి ప్లాట్‌ఫారమెక్కి, ఎదురు దిక్కు రైల్లోకి దూరింది. వెనకే నేనూ.

"అమీర్‌పేట ఇటు కాదు కదండీ?"

"ఎరికే," అంది.

చివరి స్టేషన్ ఎల్బీనగర్‌లో దిగి, తిరిగి బయల్దేరబోతున్న ఖాళీ రైలెక్కి దర్జాగా కూర్చున్నాం. మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఇందాకటి నాలాంటి వాళ్ళు తోసుకుంటూ ఎక్కుతుంటే, పుట్టినప్పట్నుంచీ ఆ సీట్లోనే ఉన్నదానిలా వాళ్ళ వంక చూశాను. మీటింగుకు ఆలస్యమవుతోందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పై స్టేషన్ మూసారాంబాగ్. ఆవిడ లేచింది.

"ఈ ఒక్క స్టేషన్ కోసం అంత దూరం వెనక్కెళ్ళారా?" అన్నాను ఒళ్ళు మండి.

"బట్టల షాపుల పని నాది. రాత్రి దాక నిలబడే ఉండాలె, కూసోనియ్యరు. జర కూసునేది గీడనే." సంచి భుజానికి తగిలించుకుంది. "నువ్వేం పని చేస్తవ్?"

"ఆఫీసులోనండీ. కంప్యూటర్ ముందు."

"కూసునేనా?"

"అవును."

"మరి నీకు సీటెందుకు బిడ్డా?"

దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. నిలబడ్డవాళ్ళంతా నా వంకే చూస్తున్నారు.