కడాయి మీద పసుపు చెయ్యి

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. అయినా పోయినేడు మా కల్లంలో చూసింది చూసినట్టు చెప్తాను, మీరేమైనా అనుకోండి.

మాది ఆర్మూర్ పక్కన పల్లె. తవ్విన పసుపును ఉడకబెట్టే ముందు పెద్ద ఇనప కడాయికి ఇంటి ముత్తైదువ పసుపు చెయ్యి అద్దాలి. ఆ తర్వాతే మంట పెడతాం.

మా అత్తమ్మకు చిన్న వయసులోనే మామ పోయాడు. విత్తనం ఎంచింది, కలుపు తీసింది, ఇద్దరు కొడుకులను పెంచింది ఆమే. కడాయి దగ్గర మాత్రం పక్కకు జరిగి నిలబడేది. నేను కోడలిగా వచ్చాక నాతో అద్దించేది. మనిషి బతికేదే కొంత కాలం, అందులో సగం ఇట్లా పక్కన నిలబడటానికే పోతే ఎట్లా అని నాకు ఒళ్లు మండేది.

అత్తమ్మ పోయింది. మరుసటి ఏడు దుబాయ్‌లో మా ఆయన గుండె ఆగి పోయాడు. పొలం నేనే చేశాను. పంట తవ్వాక చిన్నమామ, అంటే మామ తమ్ముడు, మెల్లగా చెప్పాడు.

"నువ్వు జర పక్కకుండు బిడ్డా. లావణ్య పెడ్తది."

లావణ్య మా మరిది భార్య. నేను ఒప్పుకోనన్నాను. వాదన తెగలేదు.

తెల్లారి అందరం కలిసే కల్లానికి వెళ్లాం. ముందురోజు సాయంత్రం కడాయిని తోమి పొయ్యి మీద పెట్టింది నేనే. ఇప్పుడు దాని మీద పసుపు చెయ్యి అద్ది ఉంది. ముట్టుకుంటే ఇంకా తడి. మిగతా వేళ్లు నిండుగా పడ్డాయి, చిటికెన వేలు కొస మాత్రమే పడింది. గడ్డపార దెబ్బకు అత్తమ్మ చిటికెన వేలు లోపలికి వంగిపోయి ఉండేది.

నా మీద జాలితో ఎవరైనా చేశారేమోనని అడిగాను. లావణ్య పిల్లల మీద ఒట్టేసింది. మరిది, చిన్నమామ చేతులు చూపించారు. ఎవరికీ పసుపు అంటలేదు.

చిన్నమామ వంగి ఆ చిటికెన వేలు గుర్తు చూశాడు. "గిది మా వదిన చెయ్యే," అన్నాడు.

లావణ్య పసుపు పళ్లెం నాకిచ్చింది. "నువ్వే పెట్టక్కా."

భయం వేయలేదు. గర్వంగా ఉండింది, నాకోసం, అంతకన్నా ఎక్కువ అత్తమ్మ కోసం. ఆ గుర్తు పక్కనే చెయ్యి అద్దాను.

తెలిసినవాళ్లందరికీ చెప్పి చూశాను. ఒక్కరూ సరైన కారణం చెప్పలేదు, నాకూ తోచలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు మా కడాయి మీద మొదటి చెయ్యి నాది కాదు.